గద్దె ఎవరిది? ఫౌజు ఎవరిది?



కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు వస్తుంది. ఆ దారిన పోయినవాళ్లందరికీ అక్కడి రాళ్లు తెలుసు. ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడిన గుట్టలు, వాటి నడుమ నీళ్లు. ఇప్పుడు దాన్ని రాక్ గార్డెన్ అంటున్నాం. ఆదివారం పిల్లల్ని తీసుకుని పోతాం. ఫొటోలు దిగి వస్తాం.

2013 జూలైలో ఆ రాళ్ల నడుమ ఒక రాజ్యం మొదలైంది. దాని పేరు మాహిష్మతి. అవును, బాహుబలి సినిమాకు మొట్టమొదట కెమెరా పెట్టింది మన ఓర్వకల్లులోనే. ఆ సినిమా దేశదేశాలూ తిరిగింది. దాని వెనకే బొమ్మల సీరియళ్లు వచ్చాయి. ఆ సినిమా తీసిన సంస్థే 2018లో ఈటీవీకి స్వర్ణఖడ్గం అనే జానపద ధారావాహిక తీసింది. అందులోనూ కోటలు, కత్తులు, కిరీటాలే. ఇప్పుడు మన పిల్లలు సెల్‌ఫోన్లలో హౌస్ ఆఫ్ ద డ్రాగన్ అనే ఇంగ్లీషు సీరియల్ చూస్తున్నారు. అదీ గద్దె కథే. రాజు తన తర్వాత కూతురు ఏలాలన్నాడు. రాజు కన్ను మూశాక రెండో భార్య కొడుకుకు కిరీటం పెట్టారు. ఇక చూసుకోండి, అక్కా తమ్ముళ్ల మధ్య యుద్ధం. ఆకాశంలో నిప్పులు కక్కే డ్రాగన్లు, కింద కాలిపోయే ఊళ్లు.

గద్దె కథలంటే మనకు ఎందుకింత ఇష్టం? కారణం దూరాన లేదు. అన్నదమ్ముల భాగాలు పంచుకోని ఇల్లుందా మన సీమలో? తండ్రి పోయిన పదకొండో రోజునే పొలం గట్టు దగ్గర మాట పెరిగిన ఇళ్లు ఎన్ని లేవు? మనకు నాలుగెకరాల మెట్ట చేను, వాళ్లకు రాజ్యం. తగువు మాత్రం ఒకటే.

ఈరోజు మీకు మూడు గద్దెల కథలు చెబుతాను. మూడూ కల్పన కాదు. మూడూ మన కడప, కర్నూలు నేల మీద జరిగినవే. వింటున్నప్పుడు ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకోండి. గద్దె ఎవరిది అని అందరూ అడుగుతారు. మీరు ఇంకోటి అడగండి. ఫౌజు ఎవరిది? ఆ సిపాయిలకు జీతం ఎవరిస్తున్నారు? ఈ ఒక్క ప్రశ్న గుర్తుంటే చాలు. మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు.

ముందు మాహిష్మతినే ఈ ప్రశ్న అడుగుదాం. కథ మీకు తెలిసిందే. బిజ్జలదేవుడు పెద్దవాడు, గద్దె దక్కలేదు. తమ్ముడు రాజై చనిపోయాడు. ఇద్దరు పసివాళ్లు మిగిలారు. శివగామి ఇద్దరినీ పెంచింది. ఎవరు యోగ్యుడో తేల్చడానికి కాలకేయులతో యుద్ధమే పరీక్ష అయింది. ఇక్కడ ఒకటి గమనించండి. కాలకేయుడు బయటివాడు. అతడు మీదికొచ్చిన రోజు అన్నదమ్ములిద్దరూ ఒకే వైపు నిలబడ్డారు. గద్దె తగువు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంకొకటి గమనించండి. రెండో భాగంలో కిరీటం భల్లాలదేవుడికి పోతుంది. బాహుబలి సేనాధిపతి అవుతాడు. పట్టాభిషేకం రోజున ఆ సేనాధిపతి ప్రమాణం చేస్తుంటే జనం అరుపులకు కోట దద్దరిల్లుతుంది. గద్దె మీద కూర్చున్నవాడి ముఖం మాడిపోతుంది. ఎందుకు? కిరీటం తన నెత్తిన ఉంది, ఫౌజు ఇంకొకడి వెనక ఉంది. కథ రాసిన విజయేంద్రప్రసాద్ గారికి, తీసిన రాజమౌళి గారికి ఈ సంగతి బాగా తెలుసు.

అయితే కథకు ఒక సుఖం ఉంది. కట్టప్ప జీతం అడగడు. గద్దెకు బానిసనన్నాడు, కత్తి పట్టాడు, అంతే. మాహిష్మతి సైనికులు నెల తిరిగేసరికి జీతమేదని గుమ్మంలో కూర్చోరు. డ్రాగన్లు కూడా అంతే. మేపితే చాలు, బకాయిలు అడగవు. నిజంగా నడిచిన చరిత్ర వేరు. అక్కడ ప్రతి కత్తికీ ఒక జీతం ఉంటుంది. ప్రతి ఫిరంగికీ ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క ఎవరు కట్టారో మన మూడు కథల్లో చూద్దాం.

మొదటి కథ రాయచోటిది.

1748లో హైదరాబాద్ రాజ్యాన్ని స్థాపించిన నిజాం ఉల్ ముల్క్ చనిపోయాడు. ఆయనకు ఆరుగురు కొడుకులు. పెద్దవాడు గాజీవుద్దీన్ ఢిల్లీలో ఉన్నాడు. రెండోవాడు నాసిర్ జంగ్ దగ్గరే ఉన్నాడు. వెనక ఒకసారి తండ్రి మీదే తిరగబడినవాడు అతను. ఖజానా చేతిలో ఉంది, సైన్యం చేతిలో ఉంది. గద్దె ఎక్కాడు. అంతలో కూతురి కొడుకు ముందుకొచ్చాడు. పేరు ముజఫర్ జంగ్. తాత గద్దె తనకే రాసిచ్చాడన్నాడు. అంటే ఇది మేనమామకూ మేనల్లుడికీ మధ్య తగువు.

మేనల్లుడికి హక్కు ఉందన్నాడు సరే, ఫౌజు ఏది? అప్పుడు పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల గవర్నరు డూప్లే ఉన్నాడు. నీకు మేమున్నాం అన్నాడు. మేనమామ పక్షాన ఇంగ్లీషువాళ్లు చేరారు. ఇంటి తగువులోకి సముద్రం దాటి వచ్చినవాళ్లు ఇద్దరు దిగారు. మాహిష్మతిలో కాలకేయుడు శత్రువుగా వచ్చాడు. ఇక్కడ కాలకేయుడు స్నేహితుడిగా వచ్చాడు. తేడా అదే. పెద్ద తేడా అది.

నాసిర్ జంగ్ పెద్ద సైన్యంతో దక్షిణానికి వచ్చాడు. మేనల్లుడికి అభయమిచ్చి రప్పించాడు. రాగానే సంకెళ్లు వేశాడు. తగువు తీరిపోయింది అనుకున్నారు. కానీ ఆయన సైన్యంలో ముగ్గురు నవాబులున్నారు. కడప నవాబు, కర్నూలు నవాబు, సావనూరు నవాబు. ముగ్గురూ పఠాన్లే. పగలు నాసిర్ జంగ్ డేరాలో సలాములు. రాత్రి డూప్లేకు ఉత్తరాలు.

1750 డిసెంబరులో, జింజీకి దగ్గర్లో, తెల్లవారక ముందే ఫ్రెంచివాళ్లు శిబిరం మీద పడ్డారు. నాసిర్ జంగ్ ఏనుగెక్కి తన నవాబుల దగ్గరికి పోయాడు. వాళ్లు కదలడం లేదేమని అదిలించాడు. గుండు దూసుకొచ్చింది. శత్రువు వైపు నుంచి కాదు, ఆ నవాబుల వైపు నుంచే. అక్కడే కూలిపోయాడు. ఆ పూటే మేనల్లుడి సంకెళ్లు తీశారు. ఆ పూటే నిజాం అని సలాం చేశారు. పొద్దున ఖైదీ, మధ్యాహ్నానికి దక్కను ప్రభువు.

ఇక జీతాల సంగతి వచ్చింది. ముగ్గురు నవాబులు లెక్క ముందు పెట్టారు. కట్టాల్సిన కప్పం మాఫీ కావాలి. కొత్త ఊళ్లు కావాలి. దొరికిన ఖజానాలో సగం కావాలి. గద్దె మీద కూర్చున్నవాడు అంత ఇవ్వలేడు. డూప్లే మధ్యవర్తిగా కూర్చుని కొంత తగ్గించాడు. నవాబులు పైకి సరే అన్నారు. లోపల మాత్రం కాలిపోతున్నారు.

1751 మొదట్లో కొత్త నిజాం హైదరాబాదుకు బయలుదేరాడు. వెంట బుస్సీ అనే ఫ్రెంచి సేనాని, ఆయనతో దాదాపు 300 మంది ఫ్రెంచి సైనికులు, తర్ఫీదు పొందిన సిపాయిలు. దారి కడప సీమ గుండా. పోతూ పోతూ నిజాం సైనికులు కొందరు కడప నవాబు పల్లెలకు నిప్పు పెట్టారు. ఆ పల్లెల్లో జొన్న పండించుకునేవాడికి హైదరాబాద్ గద్దెతో ఏం పని? ఏ పనీ లేదు. కాలింది మాత్రం వాడి కొట్టం.

కడప నవాబు కత్తి తీశాడు. మిగతా ఇద్దరూ కలిశారు. రాయచోటి దగ్గర, లక్కిరెడ్డిపల్లె కనుమలో, ఫిబ్రవరి నెలలో పోరు జరిగింది. బుస్సీ ఫిరంగులు పేలాయి. సావనూరు నవాబు చనిపోయాడు. కడప నవాబు గాయపడి తప్పించుకున్నాడు. కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్ వెనక్కి తగ్గుతూ తగ్గుతూ ఆగాడు. తనను తరుముకొస్తున్న ముజఫర్ జంగ్‌కు ఎదురు తిరిగాడు. ఏనుగు ముందు ఏనుగు. కర్నూలు నవాబు విసిరిన ఈటె నిజాం తలలో దిగింది. మరుక్షణం కర్నూలు నవాబునూ నరికేశారు.

ఒక్కసారి ఆగి చూడండి. రెండు నెలల లోపల ఇద్దరు నిజాములు చచ్చారు. మేనమామ జింజీ దగ్గర, మేనల్లుడు రాయచోటి దగ్గర. రెండు చావుల్లోనూ సీమ నవాబుల చెయ్యి ఉంది. ఇంతకు మించిన మలుపు ఏ సీరియల్లో వస్తుంది?

మలుపు అక్కడితో ఆగలేదు. గద్దె మళ్లీ ఖాళీ. ఎవరు ఎక్కాలి? ముజఫర్ జంగ్‌కు ఒక పసి కొడుకు ఉన్నాడు. హక్కు అయితే వాడిది. కానీ ఇప్పుడు ఆ శిబిరంలో తీర్పు చెప్పేవాడు ఎవరు? బుస్సీ. ఆ శిబిరంలోనే ఖైదీలుగా నాసిర్ జంగ్ తమ్ముళ్లు ఉన్నారు. వాళ్లలో సలాబత్ జంగ్‌ను బయటికి తీసి గద్దె మీద కూర్చోబెట్టాడు బుస్సీ. దక్కను రాజ్యానికి నిజాం ఎవరో తేలింది హైదరాబాదులో కాదు, ఢిల్లీలో కాదు. రాయచోటి దగ్గర ఒక కనుమలో తేలింది. తేల్చింది ఒక ఫ్రెంచి సేనాని. ఎందుకు? ఫౌజు అతనిది కాబట్టి.

తర్వాత ఆ సైన్యం కర్నూలు మీద పడింది. ఏటి వరదకు దెబ్బతిన్న గోడ వైపు నుంచి కోటలో జొరబడింది. కావలివాళ్లను చంపింది. చచ్చిపోయిన నవాబు భార్యాబిడ్డల్ని పట్టుకుంది. ఇప్పుడు మీరు కర్నూలులో కొండారెడ్డి బురుజు కింద బస్సు దిగి టీ తాగుతారే, ఆ బురుజు ఆ కోటదే.

ఇంతకీ జీతం ఎంతయింది? సలాబత్ జంగ్‌ను గద్దె మీద నిలబెట్టిన ఫ్రెంచి సైన్యానికి నెలనెలా డబ్బు కావాలి. ఖజానా చాలలేదు. 1753లో ఆయన కోస్తాలో నాలుగు సర్కారులు రాసిచ్చేశాడు. ఏలూరు, రాజమహేంద్రవరం, కొండపల్లి, శ్రీకాకుళం. రాయచోటిలో ఎక్కిన గద్దెకు కోస్తా జిల్లాలు బాడుగ కట్టాయన్నమాట. ఏ ఏలూరు రైతూ ముజఫర్ జంగ్ పేరు విని ఉండడు. బాడుగ మాత్రం అతని చేనులోంచే పోయింది.

ఆ సలాబత్ జంగ్ అయినా సుఖపడ్డాడా? లేదు. పెద్దన్న గాజీవుద్దీన్ గద్దె కోసం ఢిల్లీ నుంచి వస్తే 1752లో ఔరంగాబాదులో విషానికి బలయ్యాడు. ఫ్రెంచివాళ్ల బలం తగ్గగానే తమ్ముడు నిజాం అలీ సలాబత్ జంగ్‌ను దించి బీదరు కోటలో పెట్టాడు. 1763లో సలాబత్ జంగ్ అక్కడే చచ్చాడు. ఫౌజు పోయింది, గద్దె పోయింది.

ఆ తమ్ముడు నిజాం అలీ ఏం చేశాడు? పాఠం నేర్చుకున్నాడా? అతనూ అరువు ఫౌజే తెచ్చుకున్నాడు. ఈసారి ఇంగ్లీషువాళ్లది. ఆ ఫౌజు జీతం కింద 1800లో బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాలోని కొన్ని భాగాలు ఇంగ్లీషువాళ్ల కంపెనీకి వదిలేశాడు. అందుకే మన తాతల కాలంలో ఈ నేలను దత్తమండలాలు అన్నారు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అని పేరు సూచించేదాకా మన నేల పేరు అదే. ఎవరికో ఇచ్చేసిన సీమ. ఎందుకు ఇచ్చేశారు? సిపాయిల జీతానికి.

మళ్లీ చెబుతున్నాను. గద్దె ఎవరిది అని చూస్తే నిజాములు కనిపిస్తారు. ఫౌజు ఎవరిది అని చూస్తే ముందు ఫ్రెంచివాళ్లు, తర్వాత ఇంగ్లీషువాళ్లు కనిపిస్తారు. జీతం ఎవరు కట్టారు అని చూస్తే మనం కనిపిస్తాం.

ఇక రెండో కథ. ఇది అచ్చంగా కర్నూలు నవాబుల ఇంటి కథ.

1815లో కర్నూలు నవాబు అలిఫ్ ఖాన్ చనిపోయాడు. కొడుకులు చాలామంది. మనకు ముగ్గురి పేర్లు చాలు. పెద్దవాడు మునవర్ ఖాన్. నడిమివాడు ముజఫర్ ఖాన్. అందరికంటే చిన్నవాడు గులాం రసూల్ ఖాన్. ఈ ముజఫర్ వేరు, ఇందాకటి నిజాం ముజఫర్ జంగ్ వేరు. తికమక పడొద్దు.

పెద్దవాడు మునవర్‌కు హక్కుంది. ముజఫర్ ఖాన్ హక్కు గొడవ పెట్టుకోలేదు. నేరుగా కోట పట్టుకున్నాడు. తలుపులు మూసుకున్నాడు. ఇప్పుడు పెద్దన్న ఏం చెయ్యాలి? ఇంటి పెద్దల్ని కూర్చోబెట్టవచ్చు. తమ్ముడితో భాగం మాట్లాడవచ్చు. ఆయన బళ్లారి వైపు చూశాడు. అక్కడ కంపెనీ ఫౌజు ఉంది. అప్పటికే కర్నూలు నవాబులు కంపెనీకి కప్పం కడుతున్నారు.

1815 డిసెంబరులో కర్నల్ మారియట్ ఫౌజు తీసుకుని వచ్చాడు. కోట మీద ఫిరంగులు పేల్చాడు. ఎక్కువ సేపు పట్టలేదు. కోట లొంగింది. పెద్దన్న గద్దె ఎక్కాడు. న్యాయం జరిగింది అనుకోవచ్చు. నిజమే, పెద్దవాడికే దక్కింది. కానీ ఆ రోజు నుంచి కర్నూలు గద్దె తాళంచెవి బళ్లారి దొర జేబులోకి పోయింది. ఎవరు ఎక్కాలో, ఎవరు దిగాలో చెప్పే మాట కోటలోంచి బయటికి పోయింది.

ఎనిమిదేళ్లకు, 1823లో, మునవర్ ఖాన్ చనిపోయాడు. ఇప్పుడు వరసలో ఎవరున్నారు? ఆ ముజఫర్ ఖానే. ఒకప్పుడు ఫిరంగులు పెట్టి దించిన మనిషినే దొరలు ఇప్పుడు గద్దె ఎక్కించడానికి సిద్ధమయ్యారు. బళ్లారి వైపు నుంచి కర్నూలుకు ప్రయాణం. గద్దె ఇంకా కొన్ని ఆమడల దూరంలో ఉంది. దారిలో అతను తన భార్యను చంపేశాడు. అక్కడితో అతని కథ ముగిసింది. గద్దెకు పోతున్నవాడు బళ్లారి కోట జైలుకు పోయాడు. గద్దె చిన్న తమ్ముడు గులాం రసూల్ ఖాన్‌కు వచ్చింది.

ఇలాంటి మలుపు ఏ సీరియల్ రచయితైనా రాస్తే అతిగా ఉందని మనమే అంటాం. కర్నూలులో నిజంగా జరిగింది.

గులాం రసూల్ ఖాన్ పదహారేళ్లు ఏలాడు. తన గద్దె ఎంత గట్టిదో అతనికి బాగా తెలుసు. అన్నలిద్దరి కథా కళ్లముందే నడిచింది. గద్దె తనది, ఫౌజు కంపెనీది. అందుకే సొంత ఫౌజు కోసం పాకులాడాడు. రోహిల్లాలను, అరబ్బులను, పఠాన్లను కూలికి పెట్టుకున్నాడు. ఫిరంగులు పోతపోయించాడు. 1839లో హైదరాబాదులో ఒక కుట్ర బయటపడింది. నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాను ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు. ఆ కుట్ర నూలు కర్నూలుదాకా ఉందని వాళ్లు అనుమానించారు. అధికారులు వచ్చి కోట వెతికారు. మొదట పెద్దగా ఏమీ కనిపించలేదు. తర్వాత తవ్వారు. జనానా తోటల్లో, గోడల వెనక, నేల కింద ఫిరంగులు బయటపడ్డాయి. గుండ్లు, మందు, పోత కొలుములు. అంతఃపురం ఆయుధాల కార్ఖానా అయి ఉంది.

కొందరు ఆయనను ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడటానికి సిద్ధమైన వీరుడు అంటారు. కొందరు భయంతో ఆయుధాలు కూడబెట్టిన మనిషి అంటారు. ఆ చర్చ ఈరోజు మనకొద్దు. మన ప్రశ్న మనం అడుగుదాం. ఆఖరి రోజున ఫౌజు ఎవరిది?

నవాబు కోట వదిలి దగ్గర్లోని జొహరాపురం చేరాడు. ఇప్పుడది కర్నూలు పట్నంలోనే ఒక పేట. వెంట అతని కూలి సిపాయిలు ఉన్నారు. వాళ్లు నవాబును కాపాడుతున్నారా, పట్టి ఉంచారా? రెండూ ఒకటే అయిపోయింది. వాళ్ల జీతాల బకాయిలు తీరలేదు. బకాయి తీరేదాకా నవాబును వదిలేది లేదన్నారు. చూశారా, ఇక్కడ కట్టప్ప లేడు. జీతం అడిగే ఫౌజు ఉంది. 1839 అక్టోబరు 18న కంపెనీ సైన్యం జొహరాపురం మీద పడింది. గట్టి పోరు జరిగింది. నవాబు దొరికాడు. తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడాది అక్కడ ఒకడి కత్తిపోటుకు చనిపోయాడు. కర్నూలు రాజ్యం కంపెనీ రాజ్యమైంది.

మన కథలో అన్నదమ్ములు ముగ్గురు. ఒకడు ఫౌజు పిలిచి గద్దె ఎక్కాడు. ఒకడు గద్దెకు పోతూ జైలుకు పోయాడు. ఒకడు గద్దె మీదే కూర్చుని అంతా పోగొట్టుకున్నాడు. ముగ్గురిలో గెలిచింది ఎవరు? మునవర్ ఖాన్ సాయానికి పిలిచిన ఆ నాలుగో మనిషి. 1815లో సాయానికి వచ్చాడు. 1839లో ఇల్లే రాయించుకున్నాడు. నడుమ ఇరవై నాలుగేళ్లు ఓపిక పట్టాడు, అంతే.

మూడో కథ చిన్నది. దీనికీ ఓర్వకల్లుకూ సంబంధం ఉంది.

గద్దెలు పోయాక ఏం మిగులుతుంది? భరణాలు మిగులుతాయి. సీమ పాలెగాళ్ల అధికారం తీసేసి కంపెనీవాళ్లు నెలకింతని తవర్జీ ఇచ్చారు. అంటే పింఛను లాంటిది. తండ్రి పోతే కొడుకుల మధ్య పంచుకోవాలి. పంచుకునేకొద్దీ అది సన్నబడిపోతుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇంటి వాటా నెలకు పదకొండు రూపాయల చిల్లర దగ్గరికి దిగింది. తాతది ఒకనాటి పాలెం, మనవడిది పదకొండు రూపాయలు. నొస్సం ఇంటి బంధువులు చనిపోతే ఆగిపోయిన భరణంలో తన వాటా ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. అదే కాలంలో ఊళ్లలో కావలి పనికి ఇచ్చిన కట్టుబడి మాన్యాలు అనుభవిస్తున్నవాళ్లు చనిపోతే, ఆ మాన్యాలు వారసులకు ఇవ్వకుండా ప్రభుత్వం లాగేసుకుంటోంది. అంటే వారసత్వం అనే మాటకే దెబ్బ పడింది. రాజుకు కాదు, మామూలు కావలివాడికి.

ఇప్పుడు ఫౌజు ప్రశ్న అడగండి. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన నరసింహారెడ్డి వెనక నడిచింది ఎవరు? కూలికి తెచ్చిన రోహిల్లాలు కారు. పుదుచ్చేరి నుంచి వచ్చిన దొరలు కారు. మాన్యం పోగొట్టుకున్న ఊరి కట్టుబడులు. తమ పొలం కోసం తామే వచ్చినవాళ్లు. మూడు కథల్లో అరువు కాని ఫౌజు ఇదొక్కటే. అతను గెలవలేదు. 1847లో కోయిలకుంట్లలో ఉరి తీశారు. కానీ జనం ఎవరి పేరు నిలుపుకున్నారు? జొహరాపురంలో దొరికిన నవాబు పేరు ఎంతమందికి తెలుసు? రాయచోటిలో చచ్చిన నిజాం పేరు ఎంతమందికి తెలుసు? నరసింహారెడ్డి పేరు మాత్రం పాటల్లో బతికింది. 2021లో ఓర్వకల్లులో విమానాశ్రయం మొదలైతే దానికి పెట్టింది ఆయన పేరే. కర్నూలు నవాబుల పేరు కాదు.

శ్రోతలారా, మాహిష్మతి పుట్టిన రాళ్లు, నరసింహారెడ్డి పేరు పెట్టుకున్న విమానాశ్రయం, రెండూ ఒకే ఓర్వకల్లులో ఉన్నాయి. సీరియళ్లు చూడొద్దని నేను అనను. చూడండి. బాగుంటాయి. కానీ ఈసారి గద్దె కథ చూసేటప్పుడు పిల్లలతో ఒక మాట అనండి. ఈ సిపాయిలకు అన్నం ఎవరు పెడుతున్నారు, ఈ గుర్రాలకు దాణా ఏ ఊరినుంచి వస్తోంది అని అడగండి. పిల్లలు బాగా ఆలోచిస్తారు. సినిమాలు, సీరియళ్లు రాసేవాళ్లకూ ఒక విన్నపం. లేని రాజ్యాలు కల్పించండి, తప్పులేదు. కర్నూలు కోట, లక్కిరెడ్డిపల్లె కనుమ, జొహరాపురం కూడా మీకోసం ఎదురుచూస్తున్నాయి.

చివరిగా మన ఇళ్ల సంగతి. మన సీమలో భాగాల తగువు వస్తే ఒక అలవాటు ఉంది. అన్న ఒక పెద్దమనిషి దగ్గరికి పోతాడు. తమ్ముడు ఆయనకు గిట్టని ఇంకో పెద్దమనిషి దగ్గరికి పోతాడు. నీకు నేనున్నాను పో అని ఇద్దరికీ ఇద్దరు దొరుకుతారు. ఊరు రెండుగా చీలుతుంది. నాలుగెకరాల తగువు నలభై ఏళ్లు నడుస్తుంది. ఆఖరికి ఆ నాలుగెకరాలూ అన్నకూ ఉండవు, తమ్ముడికీ ఉండవు. అండగా వచ్చినవాడి ఖాతాలోకి పోతాయి. మునవర్ ఖాన్ చేసిన పని ఇదే. ముజఫర్ జంగ్ చేసిన పని ఇదే.

కాబట్టి నీకు నేనున్నాను అని ఎవరైనా మీ గుమ్మంలోకి వస్తే, ముందు లెక్క అడగండి. అయ్యా, మీ సాయానికి మేం ఏం కట్టాలి, ఎప్పటిదాకా కట్టాలి అని అడగండి. సమాధానం నచ్చకపోతే అన్నదమ్ములే ఒక మంచం మీద కూర్చోండి. ఇంటి ఆడపడుచుల్ని కూడా కూర్చోబెట్టండి, ఆస్తిలో వాళ్లకూ హక్కుంది. అప్పటికీ తెగకపోతే లోక్ అదాలత్‌కు పొండి. అక్కడ కోర్టు ఫీజు లేదు. రాజీ కుదిరితే ఆ తీర్పే ఆఖరు, దానిమీద అప్పీలు కూడా ఉండదు.

ఈ ప్రసంగంలో చెప్పింది ఒక్కటే మాట. గద్దె ఎవరిది అని అడిగే ముందు ఫౌజు ఎవరిది అని అడగండి. మన నిజాములు, మన నవాబులు ఆ ప్రశ్న అడగలేదు. మీరు అడగండి.